నాలుగు డబ్బాల మందు

సాయంత్రం గాలి తిరిగింది. మా వీధి దాటాక మొదలయ్యే పత్తిచేల మీదనుంచి ఘాటు వాసన ఇంట్లోకి వచ్చింది. నేను పాపను చంకనేసుకుని ఒక్కో కిటికీ మూసుకుంటూ పోయాను. రెక్కలు సరిగా పడని వంటింటి కిటికీ సందుల్లో తడిగుడ్డ కుక్కాను. పాపకి ఇంకా ఏడాది నిండలేదు. అది దగ్గితే నాకు భయం. దగ్గకుండా నిద్రపోయినా భయమే. లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటాను. మా అత్తయ్య వసారాలో బియ్యం ఏరుతూ నా హడావుడి చూసి, "నువ్వు పుట్టి పెరిగింది అట్లాంటి చేల మధ్యేగదమ్మాయ్, నీకేమన్నా అయిందా?" అంది. నిజమే, నాకేం కాలేదు. కానీ ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది మా చేలు కాదు, ఒక కోర్టు వరండా. పొదిలి వచ్చిన ఈ మూడేళ్లలో ఆ సంగతి ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మా వారికి పెళ్ళైన కొత్తలో సగం చెప్పాను, ఎవరో తలుపు కొట్టారు, మిగతా సగం ఉండిపోయింది. ఇప్పుడు ఇల్లంతా పడుకుంది. ఎప్పటికైనా పాపకి చెప్పాలనుకున్నది మర్చిపోకముందే రాసిపెడదామని కూర్చున్నాను.

మాది గుంటూరుకి దక్షిణంగా, ప్రత్తిపాడు దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. అంతా నల్లరేగడి. వానాకాలం అడుగు తీస్తే చెప్పు మట్టిలోనే ఉండిపోయేది. ఎండాకాలం అదే మట్టి నెర్రెలిచ్చి మేకపిల్ల కాలు ఇరుక్కునేంత విడిపోయేది. ఊరి పడమటి కొసన మా పల్లె, పల్లె మధ్యలో పెంకుల కప్పు చర్చి, చర్చి వెనక మా నాన్న పాఠాలు చెప్పే మిషను బడి. నాన్నని అందరూ దానం మాస్టారు అనేవాళ్ళు. మా ఇంట్లో అక్షరం నేర్చిన మొదటి మనిషి ఆయన. ఆయన్ని కన్న మా నాయనమ్మ మార్తమ్మ మిరపకాయల కోతలకి పోయి పెంచింది. కొడుకు మాస్టారయ్యాక కూడా ఆమె కోతలు మానలేదు. "మాస్టారు వాడు, నేను కాదుగా" అనేది. మాఘమాసంలో ఆమె తిరిగొచ్చే వేళకి ఇంట్లో అందరం ముందుగానే తుమ్మేవాళ్ళం. ఆమె చీరె గుమ్మం దాటకముందే కారం గాలి దాటేది. మంటపెట్టే చేతులు మజ్జిగనీళ్ళలో నానబెట్టుకుని కూర్చునేది. ఆ రెండు నెలలు మా మొహాలు తాకేది కాదు. ముద్దు చెయ్యాలంటే మోచేత్తో పొడిచేది.

సాయంత్రాలు ఆమె వసారాలో కాయల తొడిమలు తీస్తుంటే నాన్న పక్కన పీట వేసుకుని పేపరు పైకి చదివేవాడు. ఆమెకి మంత్రుల సంగతులు పట్టేవి కావు. ఎక్కడ ఎవరు ఎవర్ని పొడిచారు, ఎవరింట్లో దొంగలు పడ్డారు, అదే కావాలి. నాన్న సగం చదివేసరికే తీర్పు చెప్పేసేది. "ఆ మరిదే చేసుంటాడు." "ఎట్టా తెలుసమ్మా?" అని నాన్న అడిగేవాడు. "చదూతుంటేనే తెలవటంలా?" "ఇక్కడ మరిది సంగతే రాయలేదే." "అదేగా. రాయించుకోకుండా తప్పుకున్నాడు." నాన్న నవ్వుకుంటూ పేపరు మడిచేవాడు. నేను కిరసనాయిలు దీపం దగ్గర లెక్కలు చేసుకుంటూ ఇదంతా వినేదాన్ని. నాయనమ్మ తీర్పులన్నీ తప్పయ్యుంటాయని కాదు, కానీ ఆ మరిదికి చెప్పుకునే చోటెక్కడ అని నాకు అనిపించేది.

నాయనమ్మకి ఇంకో పట్టుదల కూడా ఉండేది. మా ఇంట్లో జ్వరానికి వేసుకునేది బిళ్ళ, డాక్టరు పొడిచేది సూది, సీసాలో ఇచ్చేది ఎర్రనీళ్ళు. వాటిలో దేన్నీ మందు అననిచ్చేది కాదు. మందంటే ఒక్కటే: చేలో పురుగుని చంపేది. దాన్ని గోతంలో చుట్టి పశువుల పాకలో దూలానికి వేలాడదీసేవాళ్ళు. "నోటితో ఆ మాట తేలిగ్గా అంటే చేత్తో కూడా తేలిగ్గా ముట్టుకుంటారు" అని ఆమె భయం. ఇక తాగేదాని పేరు సారా, లేకపోతే కల్లు. ఆ రెండు మాటలైతే అసలు గుమ్మంలోకే రాకూడదు. పల్లె అంతా కాస్త అటూ ఇటుగా అలాగే మాట్లాడేది. పత్తి వచ్చాక ఆ నేల మీద పెరిగిన మాటలవి. పక్క జిల్లా వాళ్ళకి అవి వేరేగా వినపడతాయని మాకు తెలియదు.

బి.ఏ. పూర్తవగానే నాన్న నా పేరు ఒక వింత చదువుకి పంపాడు. హైవే పక్కన పత్తిచేల మధ్య కొత్తగా కట్టిన చిన్న విశ్వవిద్యాలయం అది. అందులో నేరమూ శిక్షా గురించి రెండేళ్ళ ఎం.ఏ. పెట్టారు. మా పల్లెలో దానికి వెంటనే పేరు పడింది. మా పెదనాన్న జకరయ్య గుమ్మంలో నిలబడి కేకేశాడు: "ఏరా దానం, పిల్లని దొంగల చదువుకి పంపుతున్నావంట?"

"దొంగల చదువు కాదన్నయ్యా. ఎవడు దొంగో ఎవడు కాదో తేల్చే చదువు."

"తేల్చటానికి చదువెందుకురా, నాలుగు తగిలిస్తే వాడే చెప్తాడు."

"తగిలిస్తే నువ్వైనా ఒప్పుకుంటావు."

నాయనమ్మ తన వంతు అడిగింది. "అయితే జడ్జీ అవుద్దా?" కాదన్నాను. "పోలీసవుద్దా?" కాదన్నాను. "మరేందవుద్దే?" నాకూ సరిగా తెలియదు. "జైళ్ళు, కోర్టులు ఎట్లా నడుస్తున్నాయో చూసి రాస్తాం నాయనమ్మా" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "చూసేవాళ్ళు కూడా ఒకళ్ళుండాలిలే" అని తొడిమల పని మొదలెట్టింది. అదే నాకు అనుమతి.

బస్సు హైవే మీద దింపేది. అక్కణ్ణుంచి ఎర్రకంకర దారి. చెట్లింకా నడుం ఎత్తు కూడా పెరగలేదు, భవనాలకి సున్నం వాసన పోలేదు. మా క్లాసు కిటికీ దాకా పత్తి ఉండేది. కార్తీకంలో కాయ పగిలితే గాలికి దూది వచ్చి నల్లబల్ల మీద సుద్దముక్క గీతలకి అంటుకునేది. పట్టుమని పదిమందిమి కూడా లేం, ఆడపిల్లలం ఇద్దరం. మాకు ముఖ్యంగా పాఠం చెప్పింది సుదర్శనం గారు. జైళ్ళ శాఖలో చాలాకాలం పనిచేసి, అది వదిలి మాస్టారైన మనిషి. బక్కగా, పొడుగ్గా ఉండేవారు. మెత్తగానే మాట్లాడేవారు గానీ, ఎవరైనా "ఆ నేరస్థుడు" అని మొదలెడితే చెయ్యెత్తి ఆపేవారు. "తీర్పయిందా? కాలేదుగా. అయితే ముద్దాయి అను." మేం ఏ సంగతి చెప్పినా ఆయన అడిగేది ఒక్కటే: "ఎవరన్నారు? వాళ్ళు ఏ మాటతో అన్నారు?" మేం వెనక ఆయన్ని ఆ మాటతోనే వెక్కిరించుకునేవాళ్ళం. క్యాంటీన్లో టీ చల్లగా ఉందని ఎవరైనా అంటే, "ఎవరన్నారు? ఏ మాటతో అన్నారు?" అని నవ్వేవాళ్ళం.

రెండో ఏడు మా పని ఏమిటంటే, ప్రతి ఒక్కరూ గుంటూరు కోర్టులో నడుస్తున్న ఒక చిన్న కేసుని ఎంచుకుని, తీర్పు దాకా ప్రతి వాయిదాకీ వెళ్ళి కూర్చోవాలి. చివరి బెంచీలో. నోరు తెరవకూడదు. సుదర్శనం గారు దాన్ని కేసు వెంట నడవటం అనేవారు. "ముందు నడవద్దు, పక్కన నడవద్దు, వెనకే నడవండి" అనేవారు. నాకు వచ్చింది యేసోబు కేసు.

కేసు పెద్దదేం కాదు. యేసోబు మా పక్క ఊరి పల్లెలో కూలి. ఒక సాయంత్రం రైతు బండి తోలుకుని చేలోనుంచి వస్తూ రోడ్డు మీద పాలు పోసే సుబ్బారావు సైకిల్ని గుద్దాడు. సుబ్బారావు కాలు విరిగింది. చుట్టూ చేరినవాళ్ళు చూస్తే యేసోబు బండిలోనే కూలబడి ఉన్నాడు, నోట్లోంచి చొంగ కారుతోంది, నిలబెడితే తూలుతున్నాడు. తాగి బండి తోలి మనిషిని గుద్దాడని కేసు రాశారు. డాక్టరుకి చూపించింది మర్నాడు. అప్పటికి ఏ వాసనా లేదు. రైతు తన పేరు ఇందులోకి రాకుండా పక్కకి తప్పుకున్నాడు. చూసిన సాక్షి ఒక్కడే, ఆ రోజు అదే చేలో పనిచేసి బండి వెనక నడిచొస్తున్న నాగయ్య.

యేసోబు భార్య రాహేలు ప్రతి వాయిదాకీ వచ్చేది. చంకలో పసిపిల్ల. వరండాలో స్తంభానికి ఆనుకుని పిల్లకి పాలిస్తూ కూర్చునేది. మొదటిరోజే నన్ను పట్టుకుని, "ఎవురి పిల్లవమ్మా?" అని అడిగింది. దానం మాస్టారి కూతుర్ని అనగానే ఆమె మొహం వెలిగింది. ఆమె తమ్ముడికి నాన్నే అక్షరాలు దిద్దించాడట. "అయితే నీకు చెప్తే తెలుస్తది" అని చెప్పుకొచ్చింది. యేసోబు పెళ్ళికి ముందు తాగేవాడు. బాప్తిస్మం తీసుకున్నప్పుడు మానేశాడు, మళ్ళీ ముట్టలేదు. ఇప్పుడీ కేసుతో పాస్టరు గారు అతన్ని ప్రభువు బల్ల నుంచి ఆపేశాడు. నెలకొక ఆదివారం అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునేటప్పుడు యేసోబు వెనక గోడ దగ్గర నిలబడాలి. మా చర్చిల్లో అంతకంటే పెద్ద శిక్ష లేదు. "జైలుకి పోతే పోతాడమ్మా, నాలుగు నెలలకో ఆరు నెలలకో ఇంటికొస్తాడు. తాగుబోతన్న పేరు పోద్దా? రేపు ఈ పిల్లకి సంబంధం చూసేటప్పుడు కూడా తాగుబోతు కూతురనే అంటారు" అంది రాహేలు. అప్పుడా మాట నేను వ్యాసంలో రాసుకోవటానికి పనికొస్తుందని విన్నాను. ఇప్పుడు పిల్లనెత్తుకుని ఆ స్తంభం దగ్గర నేను కూర్చున్నట్టు అనిపిస్తుంది.

నాగయ్య బోనెక్కిన రోజు కోర్టులో ఫ్యాను తిరగటం లేదు. మేజిస్ట్రేటు గారు విశాఖ అవతలి మనిషి, మంచివారు, ఓపికస్తులు. సాక్షి తెలుగులో చెప్పింది విని, ఆయన ఇంగ్లీషులో టైపు చేసే ఆయనకి చెప్పేవారు. సర్కారు తరఫు వకీలు అడిగాడు: "ముద్దాయి ఆ రోజు ఏ స్థితిలో ఉన్నాడు?"

నాగయ్యకి స్థితి అర్థం కాలేదు. "అంటే ఎట్టా ఉన్నాడయ్యా అంటున్నా" అన్నాడు వకీలు.

"ఎట్టా ఉంటాడండీ, పొద్దుటినుంచీ మందు కొట్టి వస్తున్నాడు. తూలతా ఉన్నాడు. నేను బండి దిగరా అన్నా, దిగలా."

మేజిస్ట్రేటు గారు తలూపి, ముద్దాయి ఉదయంనుంచీ తాగి ఉన్నాడని ఇంగ్లీషులో చెప్పారు. టైపు మిషను టకటకలాడింది. యేసోబు ఉన్నట్టుండి, "నేను తాగలేదండయ్యా" అన్నాడు. జవాను ఊరుకోమన్నాడు. కోర్టులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. కేసు కాగితాల్లో తాగాడని ముందే ఉంది, కాబట్టి అందరి చెవులూ దానికే సిద్ధంగా ఉన్నాయి. నాకు మాత్రం తెలుగు వాక్యానికీ ఇంగ్లీషు వాక్యానికీ మధ్య ఏదో జారిపోయినట్టు అనిపించింది. ఏమిటో చిక్కలేదు. యేసోబు తరఫు వకీలు ప్రసాదరావు గారికి ఆ పూట ఇంకో కోర్టులో పని పడింది. నాగయ్యని ఆయన అడగాల్సిన ప్రశ్నలు పై వాయిదాకి పడ్డాయి.

బయటికొచ్చి నిలబడితే, కేసు వెంట వచ్చిన కానిస్టేబులు వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ పలకరించాడు. బాపట్ల దిగువ, సముద్రం ఒడ్డు ఊరివాడు. ఎప్పుడూ నవ్విస్తూ ఉండే మనిషి. "నువ్వు రాసుకునేది ఈ నాలుగు డబ్బాలోడి గురించేనా అమ్మాయ్?" అన్నాడు.

"నాలుగు డబ్బాలేంటండీ?"

"స్టేషన్లో మేం పెట్టిన పేరులే. నేనే అడిగా వాణ్ణి. మందు కొట్టావంట్రా అంటే, కొట్టానండి అన్నాడు. బుద్ధిగానే చెప్పాడు పాపం. ఎంత కొట్టావురా అంటే, నాలుగు డబ్బాలండి అన్నాడు. నాలుగు డబ్బాలమ్మా! ఏనుక్కి పోసినా పడిపోద్ది. వీడేమో బండి తోలుకొచ్చాడు."

ఆయన నవ్వుతూనే ఉన్నాడు. సారాని ఎవరూ డబ్బాల్లో కొలవరు. మా వైపు డబ్బా అంటే వీపుకి తగిలించుకుని చేలో తిరిగే పిచికారీ డబ్బా. డబ్బా ఖాళీ అయితే గట్టుకొచ్చి మళ్ళీ నీళ్ళూ మందూ కలుపుకుని నింపుకోవాలి. మనిషిని ఎన్ని డబ్బాలు కొట్టావని అడగటం మా పల్లెలో రోజూ సాయంత్రం వినపడే మాట. నేను పరుగు లాంటి నడకతో యేసోబు దగ్గరికి వెళ్ళాను. కేసు వెనకే నడవాలన్న సంగతి గుర్తే లేదు.

"యేసోబన్నా, ఆ రోజు నువ్వు ఏం కొట్టావు?"

"మందమ్మా."

"ఏం మందు?"

అతను నన్ను వింతగా చూశాడు. "పత్తి మందు. తెల్లదోమకి. గాలి ఎదురు కొడతా ఉంది, రైతు ఇవాళే అయిపోవాలన్నాడు. నాలుగో డబ్బా అయ్యేసరికి కళ్ళు చీకట్లు కమ్మినయి. బండెక్కింది తెలుసు, ఆపైన తెలవదు."

"ఈ సంగతి పోలీసులకి చెప్పలేదా?"

"చెప్పా గదమ్మా! మందు కొట్టానని మొట్టమొదటే చెప్పా. తాగలేదని కూడా చెప్పా. రెండూ చెప్తే, వాళ్ళు ఒకటే రాసుకున్నారు."

రాహేలు పిల్లని భుజం మార్చుకుని మా ఇద్దర్నీ చూస్తోంది. "ఏందమ్మా, ఏమైంది?" అంది. బస్తీలో మందంటే సారా కూడానక్కా అని చెప్పాను. ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఓరి నాయనో. మందు తాగితే చస్తారు గదమ్మా, ఎట్టా అంటారు ఆ మాట?"

మర్నాడు సుదర్శనం గారికి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళి, వెనక్కి వచ్చారు. "ఎవరన్నారు, ఏ మాటతో అన్నారు, మళ్ళీ చెప్పు" అన్నారు. చెప్పాను. నేను మేజిస్ట్రేటు గారికే చెప్పేస్తానంటే ఆయన గొంతు పెంచటం మొదటిసారి విన్నాను. "నువ్వెవరు చెప్పటానికి? సాక్షివి కాదు, వకీలువి కాదు. ముద్దాయి వకీలుకి చెప్పు. అడగాల్సింది ఆయన, చెప్పాల్సింది నాగయ్య. నీ మాట ఆ బోనులోకి రాకూడదు." పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని మాకు చెప్పిన పాఠం ఆయనే గుర్తుచేశారు. కానిస్టేబులు వేళాకోళం ఎవరికీ పనికిరాదు. నాగయ్య నోటిమాట ఒక్కటే దారి.

ఆదివారం చర్చి అయ్యాక నాన్న నన్ను వెంటబెట్టుకుని ప్రసాదరావు గారింటికి తీసుకెళ్ళాడు. ఆయన బనీనుతో కూర్చుని గడ్డం గీసుకుంటున్నారు. "చూడమ్మాయ్, తాగినవాడు తాగలేదనే అంటాడు" అని మొదలెట్టారు. నేను డబ్బాల సంగతి చెప్పాను. సగం గడ్డం సబ్బుతో అలాగే ఆగిపోయి, "మాస్టారూ, మాది చీరాల. మగ్గాలవాళ్ళం. పత్తి మా ఇంటికి నూలుగా తప్ప రాదు" అన్నారు. తర్వాత నవ్వటం మొదలెట్టి, గీసుకోవటం మానేసి, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. తిరిగొచ్చి బస్సు దిగి పల్లెలోకి నడుస్తుంటే, ఎదురొచ్చిన మా పెదనాన్నతో నాన్న ఆగి చెప్పాడు: "వకీలు గారికి మా అమ్మాయి కేసు విడమరిచి చెప్పింది అన్నయ్యా." నేను పక్కనే ఉన్నానని మర్చిపోయినట్టు, ఇంకో ఇద్దరికి కూడా చెప్పాడు.

పై వాయిదాకి నాగయ్య మళ్ళీ బోనెక్కాడు. ప్రసాదరావు గారు తీరిగ్గా లేచారు. "నాగయ్యా, ముద్దాయి మందు కొట్టాడన్నావు. నువ్వు చూశావా?"

"చూడకపోవటమేందండి, పక్క సాల్లో నేను కూడా కొడతానే ఉన్నా."

సర్కారు వకీలు తలెత్తాడు. ఎవరో కిసుక్కుమన్నారు. మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "నువ్వు కూడా కొట్టావా?"

"కొట్టానండి. నేను మూడు డబ్బాలే. దగ్గొచ్చి ఆపేశా."

"ఏం మందు అది?" అన్నారు ప్రసాదరావు గారు.

నాగయ్య కోర్టు మొత్తాన్ని ఒకసారి చూశాడు, తనని ఆటపట్టిస్తున్నారేమోనని. "పత్తి మందండి. దోమకి కొట్టేది. ఇంకేం మందుంటదండి చేలో?"

"ఆ రోజు యేసోబు సారాగానీ కల్లుగానీ తాగాడా?"

"అయ్యో, లేదండి! వాడు బాప్తిస్మం తీసుకున్నోడండి. తాగుంటే నేను తాగాడనే చెప్దును గదండీ. మందు కొట్టాడని ఎందుకు చెప్తా?"

మేజిస్ట్రేటు గారు నవ్వలేదు. టైపు ఆపించి, పాత కాగితం తెప్పించుకుని తాను చెప్పిన ఇంగ్లీషు వాక్యాన్ని చాలాసేపు చూశారు. తర్వాత నాగయ్య వైపు తిరిగి, "ఆ మాట మళ్ళీ చెప్పు, నెమ్మదిగా" అన్నారు. ఈసారి ఆ తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయించి, దాని పక్కన అర్థం చెప్పించారు. చివరి బెంచీలో కూర్చున్న నేను చేతులు ఒళ్ళో బిగబట్టుకున్నాను. అంత గర్వం నాకు ర్యాంకు వచ్చినరోజు కూడా కలగలేదు. ఆ గదిలో నా పేరెవరికీ తెలియదు. నా గొంతు ఎవరూ వినలేదు. నాయనమ్మ ఇంట్లో మమ్మల్ని తేలిగ్గా అనొద్దన్న ఆ ఒక్క మాట, కోర్టు కాగితం మీదికి దాని అసలు అర్థంతో ఎక్కింది.

ఇప్పుడు ఇక్కడ కూర్చుని ఆ రోజుల్ని కొలుచుకుంటే ఎక్కువేదో తక్కువేదో తేలటం లేదు. అప్పుడు చేలో మనుషులు మూతికి తువ్వాలు కూడా కట్టుకోకుండా కొట్టేవాళ్ళు. ఇప్పుడు తువ్వాలు కడుతున్నారు, కానీ అప్పటికంటే ఎక్కువసార్లు కొడుతున్నారు. అప్పుడు నేను ఆ వాసనలోనే జామకాయ కొరుక్కుంటూ బడికి పోయాను. ఇప్పుడు కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుతున్నాను. మా వారు పనిచేసే బడిలో వాళ్ళు మీ ఆవిడేం చదివిందంటే ఆయన కాసేపు తడుముకుని "లా లాంటిది" అంటారు. ఆ చదువుకి తగ్గ ఉద్యోగం ఈ ఊళ్ళో లేదు, పాపని వదిలి వెళ్ళే ధైర్యం నాకింకా లేదు. ఒక్కోసారి అదంతా వృథా పోయిందేమోనన్న దిగులు వస్తుంది. కానీ ఎవరైనా ఏదైనా చెబుతుంటే వాళ్ళు ఏ మాటతో చెబుతున్నారో వినకుండా ఉండలేను. పాపకి ఇంకా మాటలు రాలేదు, దాని ఏడుపుల్లో ఏది ఆకలి, ఏది నిద్ర, ఏది ఊరికే పిలుపు అని కూడా అలాగే వింటున్నాను. ఆ చిన్న విశ్వవిద్యాలయం నాకిచ్చింది అది. దానికి నేను సిగ్గుపడను.

తీర్పు రోజు నాన్న బడికి సెలవు పెట్టి వచ్చాడు. సుదర్శనం గారు కూడా వచ్చారు. యేసోబు పల్లెనుంచి చాలామంది ట్రాక్టరెక్కి వచ్చారు, వాళ్ళ పాస్టరు గారితో సహా. సుబ్బారావు చంక కర్ర మీద నిలబడ్డాడు. మేజిస్ట్రేటు గారు తీర్పు ఇంగ్లీషులో గబగబా చదివారు. కళ్ళు తిరుగుతున్నప్పుడు బండెక్కటం యేసోబు పొరపాటేనన్నారు, కాలు విరిగిన మనిషి బాధ చిన్నది కాదన్నారు. అయినా జైలుకి పంపకుండా, ముందుకి పిలిచి మందలించి వదిలేశారు. ప్రసాదరావు గారు యేసోబు భుజం తట్టి, వెంటనే ఇంకో కేసుకి లోపలికి వెళ్ళిపోయారు. అందరం వరండాలోకి వచ్చాం. యేసోబుకి తాను ఇంటికి పోవచ్చని అర్థమైంది కానీ, ఇంకేం అర్థం కాలేదు.

రాహేలు నా చెయ్యి పట్టుకుంది. "తాగుడు సంగతి ఏమన్నాడమ్మా అయ్యగారు?"

తీర్పులో ఉన్న వాక్యాన్ని జాగ్రత్తగా తెలుగులోకి తిప్పాను. "ముద్దాయి మద్యం సేవించి ఉన్నట్టు రుజువు కాలేదన్నారు."

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "రుజువు కాలేదంటే? తాగాడంటాడా, తాగలేదంటాడా?"

వరండాలో ఉన్న పల్లెవాళ్ళంతా నావైపు తిరిగారు. కోర్టు అంతవరకే చెబుతుందని, రుజువు కాకపోవటం వేరు, జరగకపోవటం వేరని మా పాఠాల్లో ఎన్నిసార్లు రాశానో. ఆ తేడానే మా చదువు. సుదర్శనం గారి వైపు చూశాను. ఆయన కళ్ళజోడు తీసి, అద్దాలు తుడుచుకుంటూ, గోడ మీద అంటించిన కాగితాలేవో చదవటం మొదలెట్టారు. కళ్ళజోడు లేకుండా.

"తాగలేదక్కా" అన్నాను.

"గట్టిగా చెప్పు తల్లీ. పాస్టరు గారు ఆ కొసనున్నాడు."

"తాగలేదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, నాయనమ్మ చేలో పిలిచే గొంతులా వినపడింది. "యేసోబు ఆ రోజు తాగలేదు! పత్తికి మందు కొట్టి, ఆ మందు తనకెక్కి పడిపోయాడు! తాగలేదు!"

లోపల్నుంచి జవాను తలుపు దగ్గరికొచ్చి "ఏందా కేకలు?" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. పాస్టరు గారు జనాన్ని తప్పించుకుంటూ దగ్గరికొచ్చి, యేసోబు ఎదురుగా నిలబడ్డాడు.

"యేసోబూ, వచ్చే ఆదివారం బల్ల ఉంది. రారా" అన్నాడు.

బల్లకి పోయేటప్పుడు తెల్లచొక్కా వేసుకోవటం మా చర్చిల్లో పద్ధతి. యేసోబు తన చొక్కాకేసి చూసుకున్నాడు. "తెల్లది పెట్టెలో పడి ఎన్నాళ్ళయిందో అయ్యగారూ. మాసి ఉంటది."

"మాసుంటదంట" అంది రాహేలు, పిల్లని అతని చేతుల్లో పెట్టి కొంగు దులుపుకుంటూ. "వారం వారం ఉతుకుతానే ఉన్నా."